చిన్న వ్యాన్ క్యాంపర్: తెరవలేనిది బిగించకండి

సరుకుల వ్యాన్ వెనక తలుపు తీసి లోపలికి చూస్తే మొదట కనిపించేది ఖాళీ జాగా. ఇక్కడ మంచం, అక్కడ పొయ్యి, పైన అరలు అంటూ మనసు అప్పుడే కొలతలు వేసేసుకుంటుంది. నాలుగు రోజుల్లో ప్లైవుడ్ వచ్చేస్తుంది, రెండు నెలల్లో బండి ముచ్చటైన క్యాంపర్‌గా, అంటే పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న బండిగా తయారవుతుంది. ఏడాది తర్వాత వెనక బ్రేక్ లైటు బల్బు పోతుంది. బల్బుకు దారి లోపలివైపు నుంచే. ఆ దారికి అడ్డంగా జిగురు పెట్టి, స్క్రూలు కొట్టి, పైన పాలిష్ చేసిన అలమారా ఉంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇల్లు కట్టేటప్పుడు గోడలో పైపు పెట్టి ధీమాగా పూడ్చేస్తాం. వాహనం విషయంలో ఆ ధీమా పనికిరాదు. దాన్ని ఏటా ఎవరో ఒకరు కింద నుంచి పైదాకా తడిమి చూడాలి, వదులైనవి బిగించాలి, అరిగినవి మార్చాలి. పని పూర్తయ్యాక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఆయన చెప్తాడులే అనుకుంటారు చాలామంది. ఏ స్క్రూ ఎక్కడ దిగింది, ఏ పలక దేన్ని కప్పేసింది అన్న దగ్గరే ఆ తీర్పు సగం ఖరారైపోతుంది. కప్పేసిన దాన్ని మెకానిక్ కూడా చూడలేడు.

ఈ సంగతి ఈ రంగంలో మొదటివాళ్లకే తెలుసు. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్ 1950లో ఉత్పత్తిలోకి వచ్చింది. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా సంస్థ ఆ మరుసటి ఏడాదికే దాన్ని క్యాంపర్‌గా మార్చడం మొదలుపెట్టింది. ఆ తొలినాళ్లలో వాళ్లు అమ్మిన ‘క్యాంపింగ్ బాక్స్’ బండిలో శాశ్వతంగా పాతుకుపోయే సామాను కాదు. వారమంతా సరుకులు మోసే బండిలో వారాంతానికి దాన్ని ఎక్కించేవారు, సోమవారానికి దించేసేవారు. డెబ్భై ఏళ్లు దాటినా, చిన్న వ్యాన్‌కు ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు కనిపించలేదు. నాలుగు బోల్టులు విప్పితే బయటికి వచ్చే పెట్టెలుగా సామాను కడితే నేలకు తుప్పు పట్టిందా, వైరు కాలిందా, నీరు చేరిందా అన్నీ ఒక పూటలో తేలిపోతాయి.

మిగిలే కిలోలు ఎన్ని?

ప్రతి బండికీ తయారీదారు గరిష్ఠ బరువు నిర్ణయిస్తాడు. మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి ఇంతకు మించకూడదని దాని అర్థం. తలుపు స్తంభం మీదో, బానెట్ కిందో ఉండే పలక మీద ఆ అంకె కనిపిస్తుంది. దాని కిందే ముందు ఇరుసుకు ఇంత, వెనక ఇరుసుకు ఇంత అని మరో రెండు అంకెలుంటాయి. వాటిని చదివేవాళ్లు తక్కువ. గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది మన వాటా. చిన్న వ్యాన్లలో చాలావాటికి అది 500 నుంచి 700 కిలోల మధ్య ఉంటుంది.

వినడానికి చాలానే అనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూడండి. ఇద్దరు పెద్దవాళ్లకు 150 పోయాయి. పరుపు, బట్టలు, గిన్నెలు, జాకీ, పనిముట్లు కలిపితే 80 తేలిగ్గా దాటతాయి. ఇక చెక్క. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న బర్చ్ ప్లైవుడ్ షీటు ఒక్కటే దాదాపు 36 కిలోలు తూగుతుంది. మంచానికి, కిచెన్‌కు, పై అరలకు, నేలకు కలిపి అలాంటివి అయిదు వాడితే 180 కిలోలు గోడలకే ఇచ్చేసినట్టు. అదే 9 మిల్లీమీటర్ల షీటైతే బరువు సగం. అదే మందంలో పాప్లర్ ప్లైవుడ్ తీసుకుంటే బర్చ్ కంటే మూడో వంతు తేలిక. కింద అడ్డకమ్మీలు సరిగ్గా వేస్తే మంచం పలకకు 12 మిల్లీమీటర్లు చాలు, అలమారా తలుపులకు 6 చాలు. 18 మిల్లీమీటర్ల చెక్క వంటింటి అలమారాలు చేసేవాళ్ల అలవాటు. ఇంట్లో అలమారా బరువును నేల మోస్తుంది కాబట్టి అక్కడ అడిగేవాళ్లుండరు.

నీళ్ల లెక్క ఇంకా సులువు. లీటరుకు కిలో. 60 లీటర్ల ట్యాంకు నింపడమంటే మూడో మనిషిని ఎక్కించుకోవడమే. చిన్న బండికి 10 లీటర్ల క్యాన్లు రెండు నయం. ఖాళీ అయినప్పుడు చేత్తో పట్టుకెళ్లి నింపుకోవచ్చు, కడగడమూ తేలిక.

మొత్తం బరువు హద్దులో ఉన్నా, ఒక ఇరుసు మీద భారం హద్దు దాటిపోవచ్చు. ఇది చాలామందికి తట్టదు. రెండు ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకు 90 సెంటీమీటర్లు వెనగ్గా, అంటే వెనక తలుపు దగ్గర, 60 కిలోల కిచెన్ పెట్టాం. వెనక ఇరుసు మీద పెరిగే భారం 60 కాదు, 80 కిలోలు. ఆ అదనపు 20 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి తగ్గుతాయి. ముందు చక్రాలు నేలను పట్టుకునే బలం ఆ మేరకు తగ్గుతుంది. స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తే సంబరపడాల్సిన పని లేదు. బ్యాటరీ, నీళ్లు, పనిముట్ల పెట్టె లాంటి బరువైనవన్నీ రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందుగా ఉండాలి. ఎడమ, కుడి సమతూకం కూడా చూసుకోవాలి. కిచెన్, ఫ్రిజ్, నీళ్లు మూడూ ఒకే పక్కన చేరితే బండి ఆ పక్కకే ఒరిగి నడుస్తుంది. పైకప్పుకు విడిగా ఒక హద్దు ఉంటుంది, అది చాలా బళ్లలో తక్కువే. సోలార్ పలక, దాని ఫ్రేము, గుడారం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఊహించడం దేనికి, తూచవచ్చు. సామాను, నీళ్లు, మనుషులతో సహా లారీలు తూచే వే బ్రిడ్జి మీదికి బండిని ఎక్కించాలి. మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, మొత్తం బండి ఎక్కించి రెండోది, వెనక చక్రాలు మాత్రమే ఉంచి మూడోది తీసుకోవాలి. చెక్క పని మొదలుపెట్టక ముందు ఒకసారి, సగంలో ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి తూచినవాళ్లకు చివర్లో కంగారు ఉండదు.

ఒక రంధ్రం కథ

వ్యాన్ గోడ రేకు మందం చాలాచోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. అందులోకి నేరుగా స్క్రూ బిగిస్తే మొదటి రోజు గట్టిగానే ఉంటుంది. ఆ స్క్రూ రేకును పట్టుకునేది ఒక్క మరతోనే. గతుకుల రోడ్డు మీద కొన్ని వేల అదుర్లు తిన్నాక రంధ్రం సాగుతుంది, స్క్రూ కిర్రుకిర్రుమంటుంది, కొన్నాళ్లకు ఊడి చేతికొస్తుంది. బరువు మోసే చోట రివెట్ నట్టు, అంటే రేకు రంధ్రంలో ఒక పక్క నుంచే బిగుసుకునే మరల నట్టు, వేసి, దానిలోకి బోల్టు బిగించాలి. ఇంకా బరువైతే బోల్టు నేల గుండా అవతలికి దిగాలి, కింద వెడల్పాటి ఉక్కు పలక పెట్టి నట్టు బిగించాలి. సరుకులు కట్టడానికి కంపెనీ ఇచ్చిన కొక్కేల రంధ్రాలు ఉంటే అంతకంటే మంచి చోటు దొరకదు. అవి బరువు లాగడానికే పుట్టాయి, కొత్తగా ఏదీ తొలవక్కర్లేదు.

తొలవాల్సి వస్తే డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు బండి కిందికి దూరి చూడాలి. ఆ చోటుకు సరిగ్గా కింద ఇంధన ట్యాంకు ఉండొచ్చు, బ్రేకు గొట్టం పోతుండొచ్చు, వైర్ల కట్ట ఉండొచ్చు. పైనుంచి చూస్తే అంతా ఒకే రేకు. డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి, ఆ లోతు దాటకుండా ఆపుకోవాలి. రంధ్రం పడ్డాక దాని అంచును వేలితో తాకితే గరుకుగా తగులుతుంది. ఆ గరుకును ఆకురాయితో నున్నగా తీయాలి. తర్వాత బయటపడ్డ లోహానికి జింకు ప్రైమర్, ఆ పైన రంగు పూయాలి. ఆరిన తర్వాతే బోల్టు. బోల్టు తల కింద నీరు చొరకుండా ఆపే సీలెంట్. ఇవన్నీ చేసేవాళ్లు కూడా ఒకటి వదిలేస్తారు. తొలిచినప్పుడు రాలిన ఉక్కు రజను గాడుల్లో, నేల మడతల్లో చేరి, తేమ తగిలిన కొద్ది రోజులకే గోధుమ రంగు చుక్కలుగా మారుతుంది. ఆ చుక్కలు కింది రంగును తినేస్తాయి. తొలుస్తున్నప్పుడే వ్యాక్యూమ్ గొట్టం పక్కన పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

కిటికీ కోసేటప్పుడూ ఇదే పద్ధతి, కాకపోతే పెద్ద ఎత్తున. ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలి. గోడ లోపల నిలువుగా, అడ్డంగా కనిపించే బోలు కమ్మీలు బండి అస్థిపంజరం. కిటికీ కాస్త పెద్దగా ఉంటే బావుంటుందని వాటిని కోయకూడదు. కొన్ని బళ్లలో పైకప్పు అంచు వెంట, ఢీకొన్నప్పుడు తెరలా కిందికి విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వాటి ముందు అలమారా కట్టామంటే ప్రమాదంలో తల మీదికి అలమారాను తోసే ఏర్పాటు చేసుకున్నట్టే.

ప్రమాదం మాట వచ్చింది కాబట్టి ఇంకొక లెక్క. గట్టిగా ఢీకొన్న క్షణంలో బండిలోని వస్తువు తన బరువుకు 20 రెట్ల బలంతో ముందుకు దూకగలదు. 25 కిలోల బ్యాటరీ అప్పుడు 500 కిలోల దెబ్బ. దాన్ని ఆపాల్సింది పెట్టె చెక్క కాదు, నేలలోకి దిగిన బోల్టూ దాని పట్టీ. సీట్ల సంగతి దీనికంటే తీవ్రం. కంపెనీ సీటు, బెల్టు కొక్కెం పరీక్షల్లో లాగి చూసి ఆమోదించినవి. మంచానికి వేసిన చెక్క పెట్టె మీద బెల్టు బిగించి దాన్ని సీటు అనుకోవడం ఆత్మవంచన. బండి నడుస్తున్నప్పుడు మనుషులు కూర్చోవాల్సింది కంపెనీ ఇచ్చిన సీట్లలో, లేదా ఆ బండికోసం పరీక్షించి ఆమోదించిన సీట్లలో మాత్రమే. ఈ ఒక్క విషయంలో నేను బేరానికి రాను.

రేకు వెనక నీరు

క్యాంపర్లను మధ్యలోనే ముసలి చేసేది వాన కాదు, ఊపిరి. ఇద్దరు మనుషులు ఒక రాత్రిలో ఊపిరి, చెమటల ద్వారా వదిలే నీరు అర లీటరు దాటుతుంది. లోపల గాలి 20 డిగ్రీల వేడితో, 60 శాతం తేమతో ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లని ఏ ఉపరితలం మీదైనా ఆ తేమ నీటి చుక్కగా మారుతుంది. చలి రాత్రి వ్యాన్ రేకు అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. చెక్క పలక వెనక, మనకు కనిపించని రేకు మీద చుక్కలు పడతాయి, కిందికి జారతాయి, తలుపుల కింద ఉండే బోలు సిల్ భాగంలో చేరతాయి.

కంపెనీ దీన్ని ఊహించే తలుపుల అడుగున, సిల్ కింద నీరు కారే రంధ్రాలు వదిలింది. ఆ రంధ్రాలను ఇన్సులేషన్‌తో, అంటే వేడినీ చలినీ ఆపడానికి గోడల్లో వేసే పొరతో, మూసేయడమే క్యాంపర్ పనుల్లో జరిగే పెద్ద పొరపాటు. డబ్బాలోంచి బుసబుసమంటూ ఉబ్బే ఫోమ్‌ను బోలు కమ్మీల్లోకి కొట్టేవాళ్లను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. అది ఉబ్బేటప్పుడు పల్చటి రేకును బయటికి తోస్తుంది, నీటి దారి మూస్తుంది, అంచుల వెంట దూరిన తేమను లోపలే పట్టి ఉంచుతుంది. పైగా దాన్ని మళ్లీ బయటికి తీయడం దాదాపు అసాధ్యం. తేమ పీల్చుకునే గాజు దూది కూడా కదిలే బండికి తగదు. రేకుకు అతుక్కునే, లోపల గాలి గదులు మూసుకుపోయి ఉండే రబ్బరు రకం ఫోమ్ షీటు మేలు. రేకుకూ దానికీ మధ్య గాలి లేకుండా అంటించాలి. తేమ గాలి రేకును చేరకపోతే చుక్క పడదు.

ప్లాస్టిక్ పొర వేసి తేమను పూర్తిగా ఆపేద్దాం అనే వాదన ఒకటి ఉంది. ఇళ్లకు అది సరిపోతుంది. వ్యాన్‌లో ప్రతి స్క్రూ, ప్రతి వైరు, ప్రతి దీపం ఆ పొరకు ఓ తూటు. లోపలికి దూరిన తేమ బయటికి రాలేక అక్కడే నిలుస్తుంది. నా ఓటు గాలికే. కింద ఒక జాలీ, పైకప్పులో ఒక ఫ్యాను పెట్టి రాత్రంతా సన్నగా తిప్పితే, ఎంత ఖరీదైన ఇన్సులేషనూ చేయలేని పని జరుగుతుంది. పరుపు నేరుగా పలక మీద పరిస్తే దాని అడుగు తడిసి బూజు పడుతుంది, కాబట్టి మంచం పలకకు రంధ్రాలు వేయాలి, లేదా కమ్మీల మంచం చేసుకోవాలి. రెండోది తేలిక కూడా.

వేడి ప్రాంతాల్లో గోడలకంటే అద్దాలే పెద్ద శత్రువులు. ఎండను అద్దం బయటే ఆపే తెర, లోపలి తెరకంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి ఇక ఎలాగూ లోపలిదే.

12 వోల్టుల మాయ

క్యాంపర్‌లో దీపాలు, ఫ్రిజ్ నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. తక్కువ వోల్టేజీ షాక్ కొట్టదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. తక్కువ వోల్టేజీ అంటే అదే పనికి ఎక్కువ కరెంటు ప్రవాహం. 1,000 వాట్ల కెటిల్‌ను ఇన్వర్టర్ మీద పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 83 ఆంపియర్లు లాగుతుంది, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే 90 దాటుతుంది. అంత ప్రవాహం సన్నటి వైరులోనో, వదులైన బిగింపులోనో పడితే అక్కడ పుట్టేది నిప్పే.

ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్‌ను కాపాడడానికని అనుకోవద్దు. అది కాపాడేది వైరును. అందుకే అది బ్యాటరీ ప్లస్ కొనకు వీలైనంత దగ్గరగా ఉండాలి, దాని ఆంపియర్లు ఆ వైరు మోయగలిగిన దానికంటే తక్కువ ఉండాలి. ఫ్రిజ్ దగ్గర ఫ్యూజు పెట్టి, మూడు మీటర్ల వైరును రేకు అంచుల మీదుగా ఫ్యూజు లేకుండా లాగితే, ఆ మూడు మీటర్లలో ఎక్కడ తోలు ఒలిచినా ఆపేవాళ్లు లేరు. రేకులో రంధ్రం గుండా వైరు పోయే ప్రతిచోటా గ్రోమెట్, అంటే అంచుకు తొడిగే రబ్బరు ఉంగరం, ఉండాలి. అదురుకి రేకు అంచు కత్తిలా కోస్తుంది.

వైరు మందం ఎందుకు ముఖ్యమో ఒక ఫ్రిజ్‌తో చూద్దాం. అది 5 ఆంపియర్లు తీసుకుంటుంది, బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉంది. పోను రాను 10 మీటర్ల రాగి వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలో పోయే వోల్టేజీ 0.35. ఒక చదరపు మిల్లీమీటరు వైరైతే దాదాపు 0.9. బ్యాటరీ 12.2 వోల్టులు ఉన్నా ఫ్రిజ్‌కు అందేది 11.3. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అది ఇంకా జారుతుంది. బ్యాటరీ అడుగంటిందనుకొని ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతుంది. యజమానేమో బ్యాటరీ పాడైందని కొత్తది కొంటాడు. వైరు మార్చి ఉంటే సరిపోయేది.

ఎంత బ్యాటరీ కావాలన్నది కూడా వాడకంతోనే తేలుతుంది. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజులో 40 శాతం సేపు నడిస్తే సుమారు 430 వాట్ అవర్లు. దీపాలు, ఫోన్లు, ఫ్యాను కలిపి మరో 150 వేసుకోవచ్చు. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,280 వాట్ అవర్లుంటాయి కాబట్టి రెండు రోజులు నడుస్తుంది. అంతే సైజు సీసపు బ్యాటరీలో సగం మాత్రమే వాడుకోవడం మంచిది, బరువేమో రెండింతలకు పైనే. లిథియానికి ఒక పథ్యం ఉంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు. లోపలి నియంత్రణ సర్క్యూట్ ఆ పని ఆపుతుందో లేదో చూసుకుని కొనాలి.

ఇంజిన్ నుంచి చార్జ్ చేసే దగ్గర పాత సలహాలు ఇప్పుడు చెల్లవు. ఒకప్పుడు బండి బ్యాటరీకీ క్యాంపర్ బ్యాటరీకీ మధ్య ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, పెడితే సరిపోయేది. కొత్త బళ్లలో ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం, ఇంధనం ఆదా చేయడానికి తన వోల్టేజీని తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. రిలే పెడితే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. పైగా లిథియం బ్యాటరీ దొరికినంత కరెంటు లాగేసి ఆల్టర్నేటర్‌ను వేడెక్కిస్తుంది. వచ్చే వోల్టేజీని సరిచేసి, కరెంటుకు హద్దు పెట్టే డీసీ టు డీసీ చార్జర్ ఈ రెండు బాధలనూ తీరుస్తుంది. అది 30 ఆంపియర్లదైతే గంట ప్రయాణంలో ఫ్రిజ్ ఒక రోజు తినేంత కరెంటు దాదాపు వెనక్కి వస్తుంది.

మంట విషయం

చిన్న వ్యాన్‌లో గ్యాస్ సిలిండర్ స్థిరంగా బిగించడం నాకు నచ్చదు. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద, మంచం కింద పెట్టెల్లో చేరుతుంది. సిలిండర్ ఉండాల్సిన అరకు పడక భాగంతో ఏ సందూ ఉండకూడదు, అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. చిన్న బండిలో దానికి చోటు దొరకడమే కష్టం. వెనక తలుపు ఎత్తి, ఆ నీడలో బయట పొయ్యి పెట్టుకుంటే ఈ సమస్యతో పాటు తేమ సమస్యా సగం తగ్గుతుంది. ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ కిలో మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది మరి.

చలికి పొయ్యి వెలిగించుకుని పడుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవాడికి మేల్కొనే అవకాశమూ ఇవ్వదు. డీజిల్ హీటర్ అయితే మంటకు కావలసిన గాలిని బయటినుంచే తీసుకుని పొగను బయటికే వదులుతుంది. దాని పొగ గొట్టం తలుపుల నుంచి, ఇంధన గొట్టాల నుంచి దూరంగా పోవాలి, కీళ్ల దగ్గర పొగ కారకూడదు. హీటర్ ఎంత మంచిదైనా మోనాక్సైడ్ అలారం మాత్రం ఉండి తీరాలి, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో.

కాగితాలు

చట్టాలు దేశానికో తీరు. యూరోపియన్ యూనియన్ 2018/858 నిబంధన ప్రకారం మోటారు క్యారవాన్ అంటే సీట్లు, బల్ల, పడుకునే ఏర్పాటు, వంట సదుపాయం, సామాను పెట్టుకునే చోటు ఉండాలి. అక్కడ సాధారణ కారు లైసెన్సు హద్దు 3,500 కిలోలన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. భారత మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఎక్కడైనా అధికారులు అడిగేవి దాదాపు అవే: సీట్ల సంఖ్య మారిందా, బరువు మారిందా, బాడీ కోశారా, ఇంధనం మారిందా. వీటిలో దేనికైనా అవును అనాల్సి వస్తే పని మొదలుపెట్టక ముందే అనుమతి అడగాలి. బీమా కంపెనీకీ ముందే రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పని మార్పు ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. విప్పి తీయగలిగే పెట్టెల పద్ధతికి ఇక్కడ కూడా ఒక లాభం ఉంది. చాలాచోట్ల దాన్ని సామానుగానే చూస్తారు. అయినా అడిగి రూఢి చేసుకోవాలి.

తిరుగుతున్న బండి

పలకలు బిగించే ముందు బండి సర్వీస్ మాన్యువల్ తెరిచి, లోపలి నుంచి చేరాల్సినవన్నీ ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకోవాలి. ఇంధన పంపు మూత చాలా బళ్లలో నేలలోనో, సీటు కిందో ఉంటుంది. వెనక షాక్ అబ్జార్బర్ల పై బోల్టులు కొన్నింటిలో లోపలి నుంచే అందుతాయి. తలుపు తాళాల యంత్రం, వెనక లైట్లు, ఫ్యూజు పెట్టె, జాకీ, రేకు మీద చెక్కిన ఛాసీ నంబరు, ఇలా ప్రతిదానికీ ఒక మూత వదలాలి. మూతకు జిగురు వద్దు. మర స్క్రూలు వాడండి, పదిసార్లు విప్పినా అరగవు. ప్రతి పలక వెనక ఏముందో పలక పెట్టకముందే ఫొటో తీసి దాచుకుంటే, మూడేళ్ల తర్వాత ఆ ఫొటోలే దారి చూపిస్తాయి.

ఎప్పుడూ నిండా బరువుతో తిరిగే బండికి సరుకుల వ్యాన్ పద్ధతులు సరిపోవు. సరుకుల బండి సగం దూరం ఖాళీగా వస్తుంది. క్యాంపర్‌కు ఖాళీ అంటూ ఉండదు. స్ప్రింగులు కుంగి వెనక భాగం దిగితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. డాష్‌బోర్డులో దీపాల ఎత్తు మార్చే చక్రం ఉంటే వాడాలి, అది చాలకపోతే స్ప్రింగులు చూపించుకోవాలి. టైరు గాలి, తలుపు దగ్గర స్టిక్కర్ మీద పూర్తి బరువుకు రాసిన అంకె ప్రకారం ఉండాలి. టైరు పక్కన ముద్రించిన లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 95 అంటే 690. పాత టైర్లు మార్చేటప్పుడు దుకాణంలో తక్కువ ఇండెక్స్‌ది చేతిలో పెడితే వద్దనాలి.

క్యాంపర్ టైర్లకు అరుగుదల కంటే వయసు ఎక్కువ కీడు చేస్తుంది. పక్క గోడ మీద డాట్ అనే గుర్తు తర్వాత చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది చెప్తాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడి పక్కల సన్నటి బీటలు కనిపిస్తే మార్చేయాలి.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, అదీ నిండు బరువుతో, అది మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకంటా దిగిపోతుంది. కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చాలన్నది సాధారణ లెక్క. ఇంజిన్ భాగాలను ఒకదానితో ఒకటి జతగా తిప్పే టైమింగ్ బెల్టుకు కూడా కిలోమీటర్ల హద్దుతో పాటు ఏళ్ల హద్దు ఉంటుంది. ఏడాదిలో నాలుగుసార్లే బయటికి తీసే బండి యజమానులు ఆ రెండోదాన్ని మర్చిపోతారు. మొదటి పెద్ద ప్రయాణం అయ్యాక సామాను బోల్టులన్నీ, చక్రాల నట్లతో సహా, మళ్లీ బిగించి చూడాలి. పైకప్పు ఫ్యాను, కిటికీల చుట్టూ సీలెంట్‌ను ఏటా వానలకు ముందు వేలితో నొక్కి, పగిలిందేమో చూడాలి. సముద్రతీరం నుంచి, ఉప్పు చల్లిన మంచు రోడ్ల నుంచి వచ్చాక అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగాలి. నీరు కారే రంధ్రాల్లో సన్నటి తీగ పెట్టి, మట్టి పట్టిందేమో చూసేది కూడా అప్పుడే.

నెలల తరబడి ఆపి ఉంచితే ఇంకొన్ని సంగతులున్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే బ్రేకులు తుప్పుతో పట్టేసుకుంటాయి. సమతల నేల మీద గేరులో పెట్టి, చక్రాలకు అడ్డం పెట్టడం నయం. లిథియం బ్యాటరీని నిండుగా కాకుండా సగం పైచిలుకు చార్జ్‌తో, సీసపు బ్యాటరీని మాత్రం పూర్తి చార్జ్‌తో ఉంచాలి. నీళ్ల క్యాన్లు, గొట్టాలు ఖాళీ చేసి, ఫ్రిజ్ తలుపు కాస్త తెరిచి, పరుపును నిలబెట్టి ఆనించండి. నెలకోసారి బండిని అరగంటైనా నిజమైన రోడ్డు మీద తిప్పి, రెండు మూడుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే డిస్కుల మీది తుప్పు రాలిపోతుంది. ఆపిన చోటే ఇంజిన్ పది నిమిషాలు ఆన్ చేసి ఉంచితే సైలెన్సర్‌లో నీరు చేరడం తప్ప ఒరిగేది ఏమీ లేదు.